గిడుగు రామమూర్తి పంతులు గారు

ఇంగ్లీషు సారు 'ఇఫ్' వాక్యాలు చెప్పినప్పుడు నాకు గిడుగు వారు గుర్తుకొచ్చారు. అందుకే వారి జీవితం రాస్తున్నాను.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. 1880లో పర్లాకిమిడి బడిలో టీచరుగా చేరారు. అక్కడి కొండల్లో సవరలు ఉంటారు. మనలాగే ఆదివాసీలు. వాళ్ల భాష వేరు, అప్పుడు దానికి లిపి లేదు. వాళ్లకు చదువు చెప్పాలని పంతులు గారికి కోరిక. వాళ్ల మాట రాకుండా చదువెట్ల చెప్తారు? అందుకని సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని నేర్చుకున్నారు. సొంత డబ్బులతో సవర పిల్లలకు బడులు పెట్టారు. అడవిల తిరిగి తిరిగి మలేరియా వచ్చింది. క్వినైన్ మందు ఎక్కువ వాడితే చెవుడు వచ్చింది. అయినా ఆపలేదు. 1931లో సవర వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించారు. 1938లో సవర నిఘంటువు వచ్చింది.

పుస్తకాల తెలుగు జనం మాట్లాడే తెలుగులాగ ఉండాలని కూడా చాలా ఏండ్లు పోరాడారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. 1940 జనవరి 22న మరణించారు. వారు పుట్టిన రోజే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నం.

ఇప్పుడు ఇఫ్ వాక్యాలు. అయిపోయిన దానికి 'ఇఫ్' తర్వాత 'హాడ్' వస్తది, రెండో సగంలో 'వుడ్ హావ్' వస్తది. 'ఇఫ్ హి హాడ్ స్టేడ్ ఎట్ హోమ్, హి వుడ్ నాట్ హావ్ లాస్ట్ హిస్ హియరింగ్.' అంటే, ఆయన ఇంట్లోనే ఉంటే చెవులు పోయేవి కావు. కానీ ఆయన ఇంట్లో ఉండలేదు. అందుకే ఇది జరగని మాట, మార్చలేం.

జరగబోయే దానికి 'ఇఫ్' తర్వాత మామూలు క్రియ, రెండో సగంలో 'విల్'. 'ఇఫ్ వి రైట్ అవర్ వర్డ్స్, దే విల్ లివ్.' మన మాటలు రాస్తే అవి బతుకుతయి. ఇది మన చేతుల్లో ఉంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తండాల నుంచి వచ్చినోళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నం. బడిల తండా మాట మాట్లాడితే నవ్వుతరని నేను ఆరో తరగతిలో నోరు తెరవలేదు. మొన్న సెలవుల్లో మా నానమ్మను అడిగి 40 మాటలు నోటుబుక్కులో రాసుకున్న. మా ఇంట్లో పెన్ను పట్టింది నేనే మొదలు. మీరు కూడా ఇంటికి పోయినప్పుడు రాయండి.