రాతిపనివారి బిడ్డ క్రిస్టియన్ డాప్లర్



మీ ఇంట్లో షుగరు వ్యాధి ఉన్న పెద్దవారు ఎవరైనా ఉంటే డాప్లర్ అనే మాట మీరు వినే ఉంటారు. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయనో, కాలివేలి పుండు మానడం లేదనో ఆసుపత్రికి వెళితే, డాక్టరుగారు డాప్లర్ పరీక్ష చేయించుకు రమ్మంటారు. అది యంత్రం పేరని మనం అనుకుంటాం. నిజానికి అది ఒక మనిషి పేరు. ఆయన ఎవరో ఈ వారం తెలుసుకుందాం.

ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ నగరంలో 1803 నవంబరు 29న ఆయన పుట్టారు. జ్ఞానస్నాన పుస్తకంలో ఆయన పేరు క్రిస్టియన్ ఆంద్రెయాస్. తరతరాలుగా వారిది రాతిపని చేసే కుటుంబం. కాని ఈ బిడ్డ పుట్టుకతోనే బలహీనుడు. సుత్తి, ఉలి పట్టే శక్తి లేదు. లెక్కలలో చురుకుదనం చూసి స్టాంఫర్ అనే ఉపాధ్యాయుడు వియన్నాకు పంపించి చదివించమని సలహా ఇచ్చారు.

చదువు పూర్తయినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. కొంతకాలం నూలు మిల్లులో లెక్కలు రాశారు. విసిగిపోయి 1835లో ఉన్న సామానంతా అమ్ముకొని అమెరికా వెళ్లడానికి సిద్ధపడ్డారు. సరిగ్గా అప్పుడే ప్రాగ్ నగరంలోని ఒక పాఠశాల నుండి పిలుపు వచ్చింది. మరుసటి సంవత్సరం మటిల్డాను వివాహం చేసుకున్నారు. వారికి అయిదుగురు పిల్లలు. బండెడు పాఠాలు, వందలాది విద్యార్థుల పరీక్షలు ఆయన ఆరోగ్యాన్ని మరింత కుంగదీశాయి.

అలాంటి రోజుల్లోనే, 1842 మే 25న, ప్రాగ్‌లోని పండితుల సభలో కొద్దిమంది ముందు ఆయన ఒక వ్యాసం చదివారు. అందులోని విషయం మీకు అనుభవమే. స్టేషనులో నిలబడితే మనవైపు వచ్చే రైలు కూత హెచ్చు స్వరంలో వినిపిస్తుంది. మనల్ని దాటిపోగానే అదే కూత తగ్గుస్వరానికి దిగిపోతుంది. రైలు కూత మారలేదు, దాని కదలిక వల్ల మన చెవికి చేరే స్వరం మారింది. ఆ మార్పును కొలిస్తే కదిలే వస్తువు వేగం తెలుస్తుంది. ఇదే డాప్లర్ సూత్రం.

1845లో హాలెండులో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త రైలు మీద బాకాలు ఊదేవారిని ఎక్కించి, స్వరజ్ఞానం ఉన్నవారిని పట్టాల పక్కన నిలబెట్టి పరీక్షించాడు. శబ్దం విషయంలో డాప్లర్ చెప్పినది నిజమని తేలింది. అయితే జంట నక్షత్రాల రంగులకు వాటి కదలికే కారణమని డాప్లర్ అనుకున్నది మాత్రం పొరపాటు. ఆ రంగులు ముఖ్యంగా వాటి వేడిమిని బట్టి ఉంటాయి. సూత్రం సరైనది, ఉదాహరణ తప్పు. 1852లో వియన్నాలో పెట్జ్‌వాల్ అనే పండితుడు ఆ సూత్రాన్నే తీవ్రంగా విమర్శించాడు.

1850లో వియన్నా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర సంస్థకు డాప్లర్ మొదటి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన వద్ద పాఠాలు విన్నవారిలో అగస్టీనియన్ మఠవాసి అయిన గురువు గ్రెగర్ మెండెల్ ఒకరు. వంశపారంపర్య సూత్రాలను బఠానీ మొక్కలలో కనుగొన్నది ఆయనే. డాప్లర్‌కు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. గాలి మార్పు కోసం వెనిస్ వెళ్లి, 1853 మార్చి 17న, 49వ ఏట అక్కడే కన్నుమూశారు. శాన్ మికేలే అనే దీవిలోని శ్మశానంలో ఆయనను సమాధి చేశారు.

మనుషుల రక్తనాళాల గురించి ఆయన ఆలోచించలేదు. దాదాపు వంద సంవత్సరాల తరువాత, 1950ల్లో, జపాన్‌లో సతోమురా అనే శాస్త్రవేత్త ఆ పనికి ఈ సూత్రాన్ని ఉపయోగించాడు. చెవికి వినబడనంత హెచ్చు ధ్వనిని శరీరంలోకి పంపితే, పారే రక్తకణాలకు తగిలి అది స్వరం మారి తిరిగి వస్తుంది. ఆ మార్పును బట్టి రక్తం వేగం తెలుస్తుంది.

కాలిలో ధమని పూడిపోతే సర్జన్లు బైపాస్ చేస్తారు. పూడిన కాలువ పక్కన కొత్త పాయ తవ్వినట్లు, రోగి కాలి సిరనే తీసి, పూడికకు పైనా కిందా కుడతారు. గాయం మూయకముందే పెన్ను వంటి డాప్లర్ పరికరాన్ని ఆ నాళంపై ఆనించి ప్రవాహాన్ని వింటారు. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పారుతోందో చెప్పే వేరే పరికరాలు కూడా ఉన్నాయి. ప్రవాహం మందంగా ఉంటే కుట్టు దగ్గర ఇరుకు ఉందా, నాళం మెలిపడిందా, గడ్డ అడ్డుపడిందా, పాదం వైపు నాళాలే చెడ్డాయా అని వెతుకుతారు. సరిదిద్దగలిగినది అప్పుడే సరిదిద్దుతారు. లేకపోతే ఆ బైపాస్ త్వరలోనే మూసుకుపోయి కాలికే ముప్పు రావచ్చు. ప్రవాహం బాగున్నంత మాత్రాన జీవితాంతం హామీ ఏమీ లేదు. పొగతాగడం మానాలి, షుగరు అదుపులో ఉంచుకోవాలి, మందులు తప్పకూడదు.

డాప్లర్ పునీతుడు కాదు. ఉలి పట్టలేని బలహీనుడు, పొరపాటు పడినవాడు, విమర్శల మధ్య చనిపోయినవాడు. అయినా తనకు దొరికిన సత్యాన్ని వదలలేదు. దాని ఫలం తాను కళ్లారా చూడలేదు. మీరు పిల్లలకు నేర్పే జపాలు, విచారణలో చేసే చిన్న సేవలు కూడా అంతే. వాటి పంట ఎవరి చేతికి అందుతుందో దేవునికే తెలుసు.

నవంబరులో మీ వారి సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు, ఆ నెలలోనే పుట్టి, పరాయి ఊరిలో నిద్రిస్తున్న ఈ రాతిపనివారి బిడ్డను కూడా తలచుకోండి. మీ నాన్నగారి కాలు నిలిచి ఉంటే, అందులో ఆయనకూ కొంత పాలు ఉంది. ఆయన ఆత్మశాంతికై ఒక పరలోకజపం చెప్పండి.