తిరిగే ఇంజను తండ్రి ఫెలిక్స్ వాంకెల్

చిన్నతనంలో సైకిలుకు గాలి కొట్టిన వారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. పంపులోని తోలు వాషరు ఎండిపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు. విప్పి నాలుగు చుక్కల కొబ్బరినూనె పట్టిస్తే వాషరు మెత్తబడి గొట్టానికి ఒత్తుకుంటుంది. పంపు మళ్ళీ పనిచేస్తుంది. గాలి జారిపోకుండా ఆపడం, రాపిడి తగ్గించడం అనే ఈ రెండు పనులనే జీవితాంతం పట్టుకుని కూర్చున్న జర్మన్ దేశస్థుడు ఫెలిక్స్ వాంకెల్.

ఆయన 1902 ఆగస్టు 13న లార్ పట్టణంలో జన్మించారు. అటవీశాఖలో పనిచేసే తండ్రి 1914లో యుద్ధంలో మరణించారు. డబ్బు లేక 1921లో చదువు ఆగిపోయింది. హైడల్‌బర్గ్‌లో ఒక పుస్తక ప్రచురణ సంస్థలో చిన్న ఉద్యోగానికి కుదిరారు. 1924లో సొంతంగా ఒక చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నారు. చూపు బాగా తక్కువ కావడంతో కారు నడిపే లైసెన్సు ఎన్నడూ తీసుకోలేదు. అయినా 1929లో తిరిగే ఇంజనుకు తొలి పేటెంటు సంపాదించారు.

మామూలు ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. వాంకెల్ ఇంజనులో, నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయిన కోడిగుడ్డు ఆకారపు గదిలో ముక్కోణపు రోటర్ గుండ్రంగా తిరుగుతుంది. వినడానికి సులువే. కాని ఆ మూడు కొసలూ గది గోడను ఎప్పుడూ ఒరుసుకుంటూ ఉండాలి, మంట పక్క అరలోకి జారకూడదు. అందుకని ప్రతి కొసకూ ఒక సన్నని సీలు పట్టీ, దాని వెనుక ఒక స్ప్రింగు ఉంటాయి. ఇంజను బ్రతుకంతా ఆ పట్టీల మీదే ఉంది.

ఆయన జీవితంలోని చీకటి భాగాన్ని దాచడం న్యాయం కాదు. 1920లలోనే హిట్లర్ పార్టీలో చేరారు. లోపలి తగాదాలతో 1932లో బయటపడి, 1933లో కొన్ని నెలలు జైలులో ఉన్నారు. ఐనా 1940లో ఎస్.ఎస్. దళంలో హోదా పుచ్చుకున్నారు. 1942లో అది పోయింది. ఆ ఏళ్ళలో లిండావ్‌లోని ఆయన వర్క్‌షాపు యుద్ధ విమానాల ఇంజన్లకు తిరిగే వాల్వుల మీద పనిచేసింది. 1945లో ఫ్రెంచి సైన్యం ఆయనను నిర్బంధించి వర్క్‌షాపును ఊడదీసింది.

1951లో ఎన్.ఎస్.యు. కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1957 ఫిబ్రవరి 1న ఆయన ఇంజను మొదటిసారి తిరిగింది. అందులో బయటి గది కూడా తిరిగేది. హాన్స్ డీటర్ పాష్కే అనే ఇంజనీరు గదిని స్థిరంగా ఉంచి దానిని సులభం చేశారు. ఇది వాంకెల్‌కు నచ్చలేదు. కాని బజారులోకి వచ్చింది అదే.

1967లో వచ్చిన రో 80 కారు 1968కి ఐరోపాలో ఉత్తమ కారుగా ఎంపికైంది. కొద్ది కాలానికే కొసల పట్టీలు అరిగి ఇంజన్లు ఆగిపోసాగాయి. కొన్నవారికి ఇంజన్లు మార్చి ఇచ్చి ఇచ్చి కంపెనీ ఇబ్బందుల్లో పడింది. జపాన్‌లో మాజ్దా ఇంజనీర్లకూ గది గోడ మీద గీతలు పడ్డాయి. వాటికి వారు దయ్యపు గోళ్ళ గుర్తులని పేరు పెట్టుకున్నారు. కెనిచి యమమోతో బృందం కర్బనంలో అల్యూమినియం చేర్చిన పట్టీలతో ఆ చిక్కు విడదీసి, 1967లోనే కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి తెచ్చింది.

నేటికీ పాత రోటరీ ఇంజనును విప్పి కట్టే మెకానిక్కు ఈ పాఠమే పనికొస్తుంది. నీటి దారుల చుట్టూ ఉండే రబ్బరు రింగులు కొత్తవే వేయాలి. అవి గాడిలో నుంచి జారకుండా వేసలిన్ రాస్తారు. వేడికి అది కరిగిపోతుంది, అడ్డు నిలవదు. సిలికోన్ సీలెంటు నూనె తొట్టి అంచుకు సన్నగా చాలు. ఎక్కువైతే ముక్కలు ఊడి నూనె దారికి అడ్డం పడతాయి. పట్టీలకూ గోడకూ ముందే ఇంజను ఆయిల్ పూయాలి, లేకపోతే తొలి తిప్పులోనే పొడిగా ఒరుసుకుంటాయి. ఈ ఇంజనులో ఒక చిన్న పంపు గదిలోకి నూనె కొద్దికొద్దిగా పంపుతుంది. అది పెట్రోలుతో పాటే మండిపోతుంది. కనుక బూడిద మిగల్చని నూనె కావాలి. ఖనిజ నూనెనా, సింథటిక్‌నా అన్న తగవు ఇప్పటికీ ఉంది. కంపెనీ పుస్తకం చెప్పిన మాట వినడమే క్షేమం.

చదువు ఆగిన ఆయనకు 1969లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. జంతువులను హింసించకుండా పరిశోధన చేసేవారికి 1972లో ఆయన పేర బహుమతి ఏర్పడింది. 1988 అక్టోబరు 9న హైడల్‌బర్గ్‌లో కన్నుమూశారు. 2023లో కూడా మాజ్దా ఆ ఇంజనును ఎలక్ట్రిక్ కారులో కరెంటు పుట్టించడానికి వాడింది.

ఆయన పట్టుదలను నేర్చుకుందాం, ఆయన పట్టిన దారులన్నిటినీ కాదు. పెద్ద యంత్రం చిన్న పట్టీ మీద, చుక్క నూనె మీద నిలుస్తుంది. ఆఫీసులో ఎంత పెద్ద ఫైలునైనా పట్టి ఉంచేది ఒక చిన్న ట్యాగే కదా!