హైదరాబాదు షావుకారు విలియం పామరు

నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయములో, రాజునకు పన్ను కట్టుటకై పొలములను ద్రాక్షతోటలను కుదువబెట్టి అప్పు తెచ్చుకొనిన జనులు మొఱపెట్టిన సంగతి మనమెరుగుదుము. ఈ మాసము ఆ అధ్యాయమును ధ్యానించుచుండగా మన తెలుగుదేశమునకు సంబంధించిన యొక మనుష్యుని జీవితము మాకు జ్ఞాపకము వచ్చినది.

విలియం పామరు 1780లో జన్మించెను. తండ్రి కంపెనీ సైన్యములో జనరలు. తల్లి ఫైజ్ బక్ష్ అను మహమ్మదీయ స్త్రీ. ఇట్టి సంతానమునకు కంపెనీ తన పెద్ద యుద్యోగముల తలుపు మూసివేసినందున, ఆయన 1799లో నిజాము కొలువులో సైనికుడుగా చేరెను. అవమానము ఆయనను క్రుంగదీయలేదు. కత్తి విడిచి 1814లో రెసిడెన్సీ దాపున పామరు కంపెనీ యను వడ్డీ వ్యాపారము తెరచెను. కోఠీలోని ఆ రెసిడెన్సీ భవనము నేటికిని నిలిచియున్నది.

పామరు దుష్టుడని మేము చెప్పము. అతిథులను ఆదరించువాడు, మర్యాదస్థుడు, దేశభాషలు తెలిసినవాడు. అయితే ధనముతో దర్బారును కూడ నడపవచ్చునని ఆయన కనిపెట్టెను. మూసీకి ఆవల పాతబస్తీలో నిజాము సికందర్ జా పేరునకు ప్రభువైయుండగా, అధికారమంతయు చందూలాలు చేతిలో నుండెను. చందూలాలునకు ఎల్లప్పుడు రొక్కము కావలెను, పామరునకు వడ్డీ కావలెను. సైనికుల జీతములకు పామరు అప్పిచ్చును. దానికి బదులుగా తాలూకాల శిస్తు ఆయనకు వ్రాసియిచ్చెదరు. కొన్ని అప్పులపై వడ్డీ నూటికి ఇరువదినాలుగు వరకుండెను.

దేశీయ రాజులకు ఆంగ్లేయులు అప్పులివ్వరాదని చట్టముండెను. 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ఆ చట్టమునుండి వీరికి మినహాయింపు నిచ్చెను. ఆయన యింట పెరిగిన యువతిని పెండ్లాడిన రంబోల్డు ఈ వ్యాపారములో భాగస్థుడు! 1820లో అరువది లక్షల రూపాయల పెద్ద అప్పు వ్రాయబడెను. అది రైతులకు మేలుకొరకేనని చెప్పిరి.

ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు లెక్కలు విప్పి చూచెను. అరువది లక్షలలో చాల భాగము పాత బాకీలే క్రొత్త పేరున వ్రాసినవి. ఎనిమిది లక్షలు భాగస్థులకు బహుమానముగా పోయినవి. మెట్కాఫు జిల్లాలు తిరిగి పాడుపడిన గ్రామములను చూచెను. పామరు ఆ గ్రామములను దోచుకొన బోలేదు. ఆయన తన బల్లయొద్ద కూర్చుండి కాగితముపై సంతకము చేసెను, అంతే. ఆ సంతకము వెంబడి శిస్తు వసూలుదారులు వెళ్లిరి.

ఈ అప్పు తీరిన విధము కోస్తా సంఘములలోని మన సహోదరులు ప్రత్యేకముగా వినవలెను. ఉత్తర సర్కారులను పుచ్చుకొనినందుకు కంపెనీ నిజామునకు ఏటేట సుమారు ఏడు లక్షల పేష్కషు చెల్లించుచుండెను. 1823లో ఒక్కసారిగా ఒక కోటి పదునారు లక్షల అరువదియారు వేల చిల్లర యిచ్చి, ఆ పేష్కషును శాశ్వతముగా రద్దుపరచుకొనెను. ఆ సొమ్ముతో పామరు బాకీ తీర్చబడెను. గుంటూరు, కృష్ణా, గోదావరి, విశాఖ రైతులు కట్టు శిస్తు మాత్రము ఒక కాసైనను తగ్గలేదు.

1824లో పామరు కంపెనీ దివాలా తీసెను. నమ్మి సొమ్ము దాచుకొనినవారు నష్టపడిరి. దర్బారును నడపవలెనన్న ఆశ అంతటితో ముగిసెను. అయినను ఆయన హైదరాబాదు విడువలేదు. 1832లో ఆయన కుమార్తె మేరీని మెడోస్ టెయిలరను సైనికోద్యోగి పెండ్లాడెను; తరువాత గ్రంథకర్తగా పేరుపొందినది ఈయనే. 1845లో చందూలాలు మరణించెను. 1853లో, నిజాము సొమ్ముతో పోషింపబడు హైదరాబాదు కంటింజెంటు సైన్యపు బాకీల నిమిత్తము, బీరారు సీమ కంపెనీ చేతికి పోయెను. సైనికుల జీతములకు అప్పులిచ్చి పైకి వచ్చిన పామరు వృద్ధుడై దానిని కూడ చూచెను. 1867లో, ఎనుబదియేడేండ్ల ప్రాయమున, ఆ పట్టణములోనే కన్నుమూసెను.