బుల్లి ఆవిరి బండితో లండన్ బయల్దేరాడు.. దారిలోనే బాస్ ఆపేశాడు! ఎవరీ మర్డాక్?

1786 నాటి సంగతి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ దగ్గర రెండు గుర్రపు బళ్లు ఎదురుపడ్డాయి. ఒకదాంట్లో మాథ్యూ బౌల్టన్. ఆవిరి ఇంజిన్ అనగానే గుర్తొచ్చే జేమ్స్ వాట్‌కి వ్యాపార భాగస్వామి ఈయనే. రెండో బండిలో ఉన్నది వాళ్ల ఉద్యోగి విలియం మర్డాక్. పనివాళ్లను తీసుకురావడానికి లండన్ వెళ్తున్నానని చెప్పాడు. కాసేపట్లోనే అసలు విషయం బయటపడింది. తాను చేసిన బుల్లి ఆవిరి బండిని అక్కడ చూపించి, పేటెంట్ తీసుకోవాలన్నది అతని ప్లాన్!

ఇంతకీ ఎవరీ మర్డాక్? 1754లో స్కాట్లండ్‌లో ఓ మిల్లు మెకానిక్ ఇంట్లో పుట్టాడు. 23 ఏళ్లకు ఉద్యోగం కోసం బర్మింగ్‌హామ్‌ వచ్చాడు. దాదాపు 300 మైళ్లు నడిచే వచ్చాడంటారు. ఇంటర్వ్యూలో కంగారుగా చేతిలోని టోపీని తిప్పుతుంటే అది చెక్కదని బౌల్టన్ గమనించాడట. సొంతంగా తయారు చేసుకున్న లేత్ మీద చెక్కిన టోపీ అది. అంతే, ఉద్యోగం ఖాయం! తర్వాత గనుల్లో ఇంజిన్లు బిగించే పని మీద కార్న్‌వాల్‌ పంపారు. రెడ్రూత్ అనే ఊళ్లో కాపురం పెట్టాడు.

1784 నాటికే ఇంట్లో ఆవిరి బండి పని మొదలైంది. బండి పొడవు సుమారు అడుగున్నర. ముందు ఒక చక్రం, వెనక రెండు. బాయిలర్ కింద స్పిరిట్ దీపం. సిలిండర్ వెడల్పు ముప్పావు అంగుళమే. పిస్టన్ కదిలేది 2 అంగుళాలు. చిన్నదే కానీ, దీని లోపల పెద్ద సమస్యే ఉంది. పిస్టన్ పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంది. చక్రమేమో గుండ్రంగా తిరగాలి. ఎలా?

కాలితో తొక్కే కుట్టు మిషన్ చూశారుగా. కింద పెడల్ ఊగితే పక్కనున్న పెద్ద చక్రం తిరుగుతుంది. మర్డాక్ బండిలోనూ అదే లెక్క. పిస్టన్‌కి తగిలించిన అడ్డ కమ్మీ ఒక చివర కీలు మీద ఊగుతుంది. దాన్నుంచి దిగిన కడ్డీ వెనక ఇరుసుకున్న క్రాంక్‌ను తిప్పుతుంది. ఆ కమ్మీయే ఊగుతూ ఆవిరి వాల్వ్‌ను కూడా తోస్తుంది. అంటే ఒకసారి కదిలితే మధ్యలో చెయ్యి పెట్టక్కర్లేదు.

ఇక్కడ ఓ విచిత్రం ఉంది. కంపెనీ అమ్మే పెద్ద ఇంజిన్లలో క్రాంక్ వాడలేదు. దాని పేటెంట్ వేరేవాళ్ల దగ్గరుంది మరి. అందుకే ఒక పళ్ల చక్రం చుట్టూ ఇంకోటి తిరిగే ఏర్పాటు పెట్టారు. ఆ ఐడియా మర్డాక్‌దేనని చాలామంది చరిత్రకారులు చెబుతారు. 1781లో పేటెంట్ మాత్రం వాట్ పేరు మీద వచ్చింది!

ఇంకో పెద్ద మార్పు కూడా చేశాడు. వాట్ ఇంజిన్‌కి ప్రాణం కండెన్సర్. వాడిన ఆవిరిని చల్లబరిచేది అదే. మర్డాక్ దాన్ని పూర్తిగా తీసేశాడు. పని అయ్యాక ఆవిరి నేరుగా గాల్లోకి పోతుంది. బరువు తగ్గింది, కానీ ఆవిరి ఒత్తిడి ఎక్కువ కావాలి. వాట్‌కి ఎక్కువ ఒత్తిడంటేనే భయం.

ఓ రాత్రి చర్చి దారిలో ఈ బండిని వదిలితే, బుసలు కొడుతూ పరిగెత్తే నిప్పును చూసి దెయ్యమనుకుని పాస్టర్ కేకలు పెట్టాడని ఓ కథ ఉంది. ఎంతవరకు నిజమో గానీ, కార్న్‌వాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మళ్లీ ఎక్సెటర్‌కి వద్దాం. బౌల్టన్ నచ్చజెప్పాడు. మర్డాక్ వెనక్కి తిరిగాడు. తిరుగు దారిలో ట్రూరో ఊళ్లో ఓ సత్రం పెద్ద హాల్లో బండిని పెట్టెలోంచి తీసి నడిపించాడు. పొయ్యి దగ్గర వాడే గరిట, పట్టకారు లాంటి ఇనప సామాన్లు ఎక్కించుకుని మరీ అది హాలంతా తిరిగింది. ఇదంతా బౌల్టన్ స్వయంగా వాట్‌కి ఉత్తరంలో రాశాడు. ముచ్చట పడుతూనే ఆపేశాడన్నమాట! ఇంజిన్లు బిగించడానికి అంతటి పనోడు కంపెనీకి ఇంకొకరు లేరు. అతను సొంత దారి చూసుకుంటే నష్టం వాళ్లకే. అలాగని మర్డాక్ ఎందుకు గట్టిగా నిలబడలేదు అనేది మాత్రం ఇప్పటికీ అర్థం కాదు.

పెద్ద బండి అతను ఎప్పటికీ చేయలేదు. 1790ల్లో రెడ్రూత్‌లోనే రిచర్డ్ ట్రెవితిక్ అనే కుర్ర ఇంజినీర్ కొన్నాళ్లు ఉన్నాడు. తమ ఇంటికొచ్చి ఈ మోడల్ చూశాడని మర్డాక్ కొడుకు తర్వాత చెప్పాడు. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లో 10 టన్నుల ఇనుమును పట్టాల మీద లాగిన ఆవిరి ఇంజిన్ ఈ ట్రెవితిక్‌దే. అందులోనూ ఎక్కువ ఒత్తిడి ఆవిరే, కండెన్సర్ లేదు.

మర్డాక్ కంపెనీలోనే కొనసాగాడు. 1792లో బొగ్గు గ్యాస్‌తో ఇంట్లో దీపాలు వెలిగించాడు. దానికీ పేటెంట్ తీసుకోలేదు. 1808లో రాయల్ సొసైటీ రమ్‌ఫోర్డ్ మెడల్ ఇచ్చింది. 1839లో 85 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్ దగ్గర హ్యాండ్స్‌వర్త్‌లో కన్నుమూశాడు. వాట్, బౌల్టన్‌లను ఖననం చేసిన చర్చిలోనే అతన్నీ ఖననం చేశారు. ఆ బుల్లి బండి ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లోని థింక్‌ట్యాంక్ మ్యూజియంలో ఉంది.