సంకల్పానికి ఆచరణ తోడైతే... హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)

మంచి పని చేయాలన్న సంకల్పం మనలో ఎవరికి ఉండదు? హలాల్ సంపాదనతోనే బతకాలని, వ్యాపారంలో అబద్ధం ఆడకూడదని, చేయి కాస్త ఆడగానే బీదబంధువులను ఆదుకోవాలని అందరం అనుకుంటాం. కాని ఆ అనుకోవడం దగ్గరే చాలామంది జీవితాలు తెల్లారిపోతుంటాయి. రంజాన్‌లో చేసుకున్న సంకల్పం షవ్వాల్ నెలవంకతోనే సెలవు తీసుకుంటుంది. కర్మల విలువ సంకల్పాలను బట్టే ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. అయితే ఈ బోధనను విన్న సహాబీలు సంకల్పంతో సరిపెట్టుకోలేదు. ఆ వెంటనే లేచి పనిలోకి దిగారు. అలా దిగినవారిలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) జీవితం వ్యాపారులకు, ఉద్యోగులకు, ఇంటి బాధ్యత మోసే ప్రతి ఒక్కరికీ ఒక పాఠశాల లాంటిది.

తొలి అడుగు

ఆయన మక్కాలోని ఖురైష్ తెగకు చెందిన బనూ జుహ్రా వంశీయులు. ఏనుగుల సంవత్సరం తర్వాత సుమారు పదేళ్లకు జన్మించారు. అజ్ఞాన కాలంలో ఆయన పేరు అబ్దు అమ్ర్. ఇస్లాం స్వీకరించాక దైవప్రవక్త (స) ఆ పేరు మార్చి అబ్దుర్రహ్మాన్ అని పెట్టారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ద్వారా సత్యసందేశం అందుకున్న తొలి కొద్దిమందిలో ఆయన ఒకరు. సత్యం తెలిశాక పరిస్థితులు అనుకూలించేదాకా ఆగుదామని ఆయన అనుకోలేదు. ఆ విశ్వాసానికి మూల్యంగా మక్కావాసుల వేధింపులు భరించారు. అబిసీనియాకు వలస వెళ్లారు. చివరకు క్రీ.శ. 622లో ఇల్లూ ఆస్తీ వదులుకొని మదీనాకు హిజ్రత్ చేశారు.

బజారు దారి చూపండి చాలు!

మదీనా చేరిన ముహాజిర్ల చేతుల్లో ఏమీ లేదు. దైవప్రవక్త (స) ఒక్కొక్క ముహాజిర్‌కు ఒక్కొక్క అన్సారీని సోదరునిగా చేశారు. అబ్దుర్రహ్మాన్ (రజి)కు సోదరునిగా లభించినవారు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి). ఆయన మదీనా సంపన్నుల్లో ఒకరు. తన ఆస్తిలో సరిగ్గా సగం ఇచ్చేస్తానని ఆయన మనస్ఫూర్తిగా ముందుకొచ్చారు. అందులో ఎలాంటి మెహర్బానీ లేదు, దెప్పిపొడుపు లేదు. తీసుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

అబ్దుర్రహ్మాన్ (రజి) ఆ సోదరుని కుటుంబానికి, సంపదకు శుభం కలగాలని దుఆ చేశారు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే, బజారుకు దారి ఎటు అని. అప్పట్లో మదీనాలో పేరున్న సంత బనూ ఖైనుఖా యూదులది. ఆయన అక్కడికి వెళ్లి అమ్మకాలు, కొనుగోళ్లు మొదలుపెట్టారు. సాయంత్రానికి కొంత నెయ్యి, ఎండబెట్టిన పెరుగు గడ్డలు లాభంగా ఇంటికి తెచ్చారు. మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు.

కొన్నాళ్లకు ఆయన దుస్తులపై పెళ్లికొడుకులు పూసుకునే కుంకుమపువ్వు పసుపుదనం కనిపించింది. దైవప్రవక్త (స) విషయం అడిగారు. ఒక అన్సారీ స్త్రీని వివాహం చేసుకున్నానని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చానని ఆయన తెలిపారు. ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా విందు చేయమని దైవప్రవక్త (స) ఆయనకు సూచించారు.

పాఠకులారా! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది ఆయన సంకల్పం. దాన్ని నెరవేర్చుకోవడానికి ఆయన పెద్ద పెట్టుబడి కోసం ఎదురుచూడలేదు. నేను మక్కాలో పేరున్న వర్తకుణ్ణి, పరాయి ఊళ్లో నెయ్యి అమ్ముకోవడమేమిటని సిగ్గుపడలేదు. చేతికి అందిన చిన్నపనితో ఆ రోజే మొదలుపెట్టారు. పెద్ద దుకాణం పెట్టేంత డబ్బు కూడాకే వ్యాపారం చేస్తానని ఏళ్ల తరబడి అరుగు మీద కూర్చునే యువకులకు ఇందులో గొప్ప గుణపాఠం ఉంది. అలాగే సఅద్ (రజి) వంటి దాత దొరికినా, ఆ దాతకు భారం కాకూడదనుకునే ఆత్మాభిమానమూ ఇందులో ఉంది.

వ్యాపార రహస్యం

ఆయన వ్యాపారం ఎలా పెరిగింది? ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా ఉలూమిద్దీన్ గ్రంథంలో ఒక విషయం ప్రస్తావించారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఎంత చిన్న లాభం వచ్చినా కాదనేవారు కాదట. కొనేవాడు వచ్చినప్పుడు, ఇంకా ధర పెరుగుతుందేమోనని సరుకు దాచి ఉంచేవారు కాదట. అప్పు మీద అమ్మేవారు కాదట. ఒకసారి వెయ్యి ఒంటెలను కొన్న ధరకే అమ్మేశారట. మిగిలింది వాటి కాళ్లకు కట్టే తాళ్లు మాత్రమే. ఒక్కో తాడు ఒక్కో దిర్హమ్‌కు అమ్మితే వెయ్యి దిర్హమ్‌లు వచ్చాయి. ఆ ఒంటెల ఆ రోజు మేత ఖర్చు తప్పడంతో మరో వెయ్యి మిగిలాయి.

కొరత సృష్టించి ధరలు పెంచడమే తెలివి అనుకునే మార్కెట్టులో ఇది వింతగా తోచవచ్చు. కాని సరుకు త్వరగా చేతులు మారడంలోనే కొనేవాడికీ, అమ్మేవాడికీ మేలుందని ఆయన ఆచరించి చూపారు.

రాసుకున్న మాట

మక్కాలో ఉమయ్యా బిన్ ఖలఫ్ అనే సర్దారు ఉండేవాడు. హజ్రత్ బిలాల్ (రజి)ను మండుటెండలో హింసించినవాడు ఇతనే. ఇస్లాంకు బద్ధశత్రువు. అయినా పాత పరిచయం వల్ల అబ్దుర్రహ్మాన్ (రజి) అతనితో ఒక లిఖిత ఒప్పందం చేసుకున్నారు. మక్కాలో ఉన్న తన ఆస్తిని అతను చూసుకోవాలి, మదీనాలో అతని వ్యవహారాలను తాను చూసుకోవాలి. ఒప్పంద పత్రంలో రహ్మాన్ అన్న పేరు రాయడానికి ఉమయ్యా ఒప్పుకోలేదు. చివరకు పాత పేరు అబ్దు అమ్ర్‌తోనే పత్రం రాయవలసి వచ్చింది.

హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం జరిగింది. ఓడిపోయిన ఉమయ్యాను, అతని కొడుకును అబ్దుర్రహ్మాన్ (రజి) బందీలుగా తీసుకొని కాపాడాలని చూశారు. కాని బిలాల్ (రజి) అతణ్ణి గుర్తుపట్టి అన్సార్లను పిలిచారు. అబ్దుర్రహ్మాన్ (రజి) అతనిపై అడ్డంగా పడినా ప్రయోజనం లేకపోయింది. ఆ పెనుగులాటలో ఒక కత్తి ఆయన కాలికే తగిలింది. బిలాల్ (రజి) పడిన బాధ ముందు ఆ ఆగ్రహం సహజమైనదే. ఆ సంఘటనను తర్వాత తలచుకున్నప్పుడు కూడా అబ్దుర్రహ్మాన్ (రజి) బిలాల్ కోసం దైవకారుణ్యాన్నే వేడుకున్నారు.

ఇచ్చిన మాట శత్రువుకైనా మాటే అన్నది ఆయన దృష్టి. మరి సొంత అన్నదమ్ములతో, భాగస్వాములతో మనం చేసుకునే ఒప్పందాలు ఎలా ఉంటున్నాయి? నమ్మకం ఉంది కదా, కాగితం ఎందుకు అంటూ మొదలుపెట్టి, చివరకు పెద్దమనుషుల పంచాయితీకి ఎక్కుతున్నాం. అప్పుల వ్యవహారాన్ని రాసి పెట్టుకోవాలని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది. రాసుకోవడం అపనమ్మకం కాదు. అది సంకల్పాన్ని ఆచరణకు కట్టిపడేసే ముడి.

ముందు నిలిచినా, వెనక్కి తగ్గినా

ఉహుద్ యుద్ధంలో ఆయన దైవప్రవక్త (స) వెంట స్థిరంగా నిలబడ్డారు. ఒళ్లంతా గాయాలయ్యాయి. ఆ గాయాల వల్ల కుంటుతూ నడిచేవారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 6లో దూమతుల్ జందల్‌కు పంపిన దళానికి దైవప్రవక్త (స) ఆయన్నే నాయకునిగా నియమించారు.

హిజ్రీ 9లో తబూక్ ప్రయాణంలో ఒకరోజు ఫజ్ర్ నమాజు వేళకు దైవప్రవక్త (స) రావడం ఆలస్యమైంది. ప్రజలు అబ్దుర్రహ్మాన్ (రజి)ను ఇమామ్‌గా నిలబెట్టారు. ఒక రకాతు అయ్యాక దైవప్రవక్త (స) వచ్చారు. అది గ్రహించి ఆయన వెనక్కి తగ్గబోయారు. కొనసాగించమని దైవప్రవక్త (స) సైగ చేసి, ఆయన వెనకే నమాజు చేశారు. ఇంతకంటే గొప్ప గౌరవం ఇంకేముంటుంది?

అంతటి గౌరవం పొందిన మనిషి అధికారం దగ్గరికి వచ్చేసరికి ఏం చేశారో చూడండి. క్రీ.శ. 644లో హజ్రత్ ఉమర్ (రజి) మరణశయ్యపై ఉండి, తర్వాతి ఖలీఫాను ఎన్నుకునే బాధ్యత ఆరుగురికి అప్పగించారు. అందులో అబ్దుర్రహ్మాన్ (రజి) ఒకరు. ఆయన ముందుగా తన పేరును తానే పోటీ నుంచి తీసేసుకున్నారు. ఆపై మదీనాలో ఇంటింటి అభిప్రాయం తెలుసుకునే పనికి పూనుకున్నారు. మూడు రాత్రులు ఆయనకు సరిగా నిద్ర లేదు. చివరి రాత్రి కొంత గడిచాక మేనల్లుడు మిస్వర్ (రజి) ఇంటి తలుపు తట్టి, పెద్దలను ఒక్కొక్కరినే పిలిపించి ఫజ్ర్ దాకా మాట్లాడారు. ఉదయం మస్జిదె నబవీలో హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతిలో బైఅత్ చేశారు. నాయకత్వం అంటే కుర్చీ ఎక్కడమే కాదు. తగినవారికి అప్పగించడం కోసం నిద్ర మానుకోవడం కూడా నాయకత్వమే.

సంపద చేతిలో ఉండగా భయం

ఆయన సంపద గురించి ఒక కథ చాలా ప్రచారంలో ఉంది. ధనవంతుడు కావడం వల్ల ఆయన స్వర్గంలోకి పాకుతూ ప్రవేశిస్తారని ఆ కథ చెబుతుంది. హదీసు పండితులు దీన్ని అంగీకరించలేదు. ఇబ్నుల్ జౌజీ (రహ్మ) దీన్ని కల్పిత హదీసుల్లో చేర్చారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఆయన ఒకరు. ధర్మసమ్మతమైన సంపద నేరం కాదు. దాన్ని ఏ దారిలో ఖర్చు పెట్టామన్నదే ప్రశ్న.

అయినా ఆయన నిశ్చింతగా ఉండలేదు. ఒకరోజు ఉపవాసం విరమించడానికి ఆయన ముందు భోజనం పెట్టారు. అది చూడగానే హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గుర్తుకొచ్చారు. ఉహుద్‌లో అమరుడైన ఆయనకు కఫన్‌గా ఒక్క దుప్పటే దొరికింది. తల కప్పితే పాదాలు, పాదాలు కప్పితే తల బయటపడేవి. ముస్అబ్ తనకంటే ఉత్తముడని, తమ పుణ్యఫలం ఈ లోకంలోనే ముందుగా ఇచ్చేశారేమోనని ఆయన భయపడ్డారు. ఏడ్చి ఏడ్చి భోజనం ముట్టకుండానే వదిలేశారు. సంకల్పాన్ని ఒక్కసారి చేసుకుంటే చాలదు. గెలిచాక కూడా దాన్ని మళ్లీ మళ్లీ తడిమి చూసుకోవాలని ఈ కన్నీళ్లు చెబుతున్నాయి.

ఆ భయం ఆయన చేతిని బిగించలేదు, ఇంకా విప్పింది. ఒకసారి తన భూమిని నలభై వేల దీనార్లకు అమ్మి, ఆ సొమ్మును బంధువులకు, బీదలకు, విశ్వాసుల మాతలకు పంచిపెట్టారు. విశ్వాసుల మాతల కోసం ఆయన రాసిచ్చిన తోట నాలుగు లక్షలకు అమ్ముడైంది. బద్ర్ యోధుల్లో జీవించి ఉన్న ఒక్కొక్కరికీ నాలుగు వందల దీనార్లు ఇవ్వాలని వీలునామా రాశారు. హిజ్రీ 32లో, డెబ్భై ఏళ్లు దాటిన వయసులో మదీనాలో మరణించారు. జన్నతుల్ బఖీలో ఆయన్ని ఖననం చేశారు.

మనం ఏం చేయాలి?

ఉత్త చేతులతో మదీనాలో అడుగుపెట్టిన మనిషి పోతూ పోతూ వందలాది ఇళ్లకు ఆసరా అయ్యారు. ఈ రెంటి మధ్యా ఉన్నది ముప్పై ఏళ్ల పాటు ఏ రోజు పని ఆ రోజు చేయడమే. మనలో ఒకరికి జకాత్ లెక్క కట్టే సంకల్పం ఉండవచ్చు. మరొకరికి చెల్లెలి వారసత్వ వాటా ఇచ్చేయాలన్న ఆలోచన ఉండవచ్చు. ఇంకొకరు పనివారి కూలీ సకాలంలో ఇవ్వాలనుకోవచ్చు. ఆ సంకల్పంలో తొలి మెట్టు ఏదో ఈ రాత్రి పడుకోబోయే ముందు గుర్తించండి. రేపు ఫజ్ర్ నమాజు తర్వాత ఆ మెట్టు మీద కాలు పెట్టండి. పెద్దది కాకపోయినా ఫరవాలేదు. అబ్దుర్రహ్మాన్ (రజి) మొదలుపెట్టింది కూడా కాస్త నెయ్యితో, పెరుగు గడ్డలతోనే కదా!

అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేసి, వాటిని ఆచరణలో పెట్టే శక్తిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.