వరస పెట్టడం నేర్పిన బెట్టీ

లక్షల పేర్ల జాబితాని వరసలో పెట్టడం కంప్యూటరుకి చిటికెలో పని అనుకుంటాం కదా! ఆ పని దానికి నేర్పినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన మనిషి ఒక స్త్రీ అని తెలిసి నాకెంత సంతోషమేసిందో!

బెట్టీ హాల్బర్టన్ 1917లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మొదటిరోజే లెక్కల మాస్టారు, ఇంట్లో పిల్లల్ని పెంచుకోరాదా అన్నాడట. దాంతో లెక్కలు వదిలి జర్నలిజం చదివింది. యుద్ధంలోకి మగవాళ్లు వెళ్లిపోయాక లెక్కలొచ్చిన ఆడవాళ్లు కావలసొచ్చారు. అలా 1945లో ఎనియాక్ కంప్యూటరుకి ప్రోగ్రాములు చేసే ఆరుగురు స్త్రీలలో బెట్టీకి చోటు దొరికింది. 1946లో దాన్ని లోకానికి చూపించి విందు చేసుకున్నారు. ఈ ఆరుగురినీ పిలవనేలేదు!

తర్వాత యూనివాక్ వచ్చింది. దాని మెమొరీలో పట్టేవి వెయ్యి పదాలే. వివరాలేమో టేపుల నిండా! మరెలా? పట్టినంత తెచ్చి వరస పెట్టి టేపుమీద రాయాలి. అలా తయారైన రెండు వరసల్లో మొదటివాటిని పోల్చి, ముందు రావలసినదాన్ని తీసుకుంటూ కలుపుకుపోవాలి. బెట్టీ పేకముక్కలు ముందేసుకుని ఇలాంటి చిక్కులు విడదీసేది. 1950ల మొదట్లో ఆమె చేసిన ప్రోగ్రాముకి జాబితా వివరాలు చెబితే చాలు, వరస పెట్టే ప్రోగ్రాముని అదే రాసిచ్చేది!

మెమొరీలో పట్టని పెద్ద పట్టికలను ఈనాటికీ ఇలా ముక్కలుచేసే కలుపుతారు.

1997లో ఆమెకి అడా లవ్‌లేస్ అవార్డు వచ్చింది. 2001లో కన్నుమూసింది. మీ అమ్మాయి లెక్కలు చదువుతానంటే వద్దనకండి. ఆ మాస్టారి మాట వినివుంటే మనకీ బెట్టీ ఉండేదా?