విప్పి చూసిన మనిషి – జి.డి. నాయుడు

యంత్రం మానవునికి సేవకుడు. కాని సేవకుని కష్టసుఖాలు ఎరుగని యజమాని కొంతకాలానికి ఆ సేవకునికే దాసుడవుతాడు. మన కళాశాల ఆవరణలో బారులు తీరి నిలిచే మోటారు సైకిళ్లను చూచినప్పుడల్లా ఈ సంగతి జ్ఞాపకం వస్తుంది. గుడివాడ, ఉయ్యూరు, మైలవరం దారుల వెంట ప్రతి ఉదయం వాటిమీద వచ్చే విద్యార్థులలో, తన బండి ఇంజనులోని ఆయిలు ఏ రంగుకు వచ్చినదో చూచినవారెందరు? దానిని ఒక్కసారైనా స్వహస్తాలతో మార్చినవారెందరు? బండి మూలిగితే మెకానిక్కు వద్దకు నెట్టుకొనిపోవడం, అడిగినంత ఇచ్చి రావడం మనకు అలవాటయింది. ఇటువంటి అలవాటును జీవితమంతా అంగీకరించని తెలుగువాడు ఒకడుండేవాడు. ఆయన కథ ఒక మోటారు సైకిలుతోనే ఆరంభమయింది.

ఆయన జి.డి. నాయుడు. 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు, కుమారుడు దొరస్వామి నాయుడు. తరతరాల క్రితం ఆంధ్రదేశం నుండి దక్షిణానికి తరలిపోయి, అరవనాట స్థిరపడినా ఇంట తెలుగు విడువని కుటుంబాలలో వారిదొకటి. పసితనంలోనే తల్లి గతించింది. బడి అంటే బాలునికి గిట్టలేదు. వల్లె వేయించే పాఠాలు, బెత్తం దెబ్బలు అతనిని కట్టి ఉంచలేకపోయాయి. ఉపాధ్యాయుని ముఖంపై ఇసుక చల్లి పారిపోయిన అల్లరివాడని చెప్పుకుంటారు. మొత్తానికి బడిచదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసింది. పొలంలో పని, చేతికి దొరికిన పుస్తకాల పఠనం, ఇవే అతనికి విద్యాలయాలయ్యాయి.

అట్టి పల్లెకు ఒకనాడు ఒక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలుపై వచ్చాడు. ఎద్దుల బండ్లు తప్ప మరో వాహనం ఎరుగని ఆ దారిలో, ఏ జంతువూ లాగకుండానే రెండు చక్రాలపై పరుగెత్తే ఆ వస్తువు యువకుని మనస్సును పూర్తిగా ఆక్రమించింది. చూచినవారందరూ ఆశ్చర్యపడి మరచిపోయారు. దొరస్వామి మాత్రం మరువలేదు. అది ఎట్లా కదులుతున్నది? ఆ చప్పుడు ఎక్కడ పుడుతున్నది? ఈ ప్రశ్నలు అతనిని ఊరు విడిచి కోయంబత్తూరు పట్టణానికి నడిపించాయి. అక్కడ ఒక హోటలులో సర్వరుగా చేరి, ఎంగిలి పళ్లాలు తీస్తూ, పైసా పైసా కూడబెట్టాడు. సుమారు మూడు వందల రూపాయలు చేరగానే ఆ అధికారి వద్దనే ఆ బండిని కొన్నాడు. అది ఇంగ్లండులో తయారయిన రడ్జి కంపెనీ బండి.

ఏళ్ల తరబడి శ్రమించి కొన్న వాహనాన్ని మరొకడైతే ఊరంతా తిప్పి గొప్ప చూపించుకొనేవాడు. దొరస్వామి దానిని విప్పాడు. మర వెంట మరగా, భాగం వెంట భాగంగా విడదీసి నేలపై పరచి, ఏది దేనితో కలుస్తుందో పరిశీలించి, తిరిగి యథాప్రకారం బిగించాడు. చెప్పేవారు లేరు, చూపేవారు లేరు. చెడిపోతే మరొకటి కొనే స్తోమత అంతకన్నా లేదు. మూడేళ్ల కష్టార్జితం ఆ నేలమీద ముక్కలై పడి ఉన్న గడియలో అతని గుండె ఎట్లా కొట్టుకొన్నదో ఊహించుకోవచ్చును. ఆ భయాన్ని దాటిన చేతులే తరువాత అన్ని యంత్రాలనూ లొంగదీసుకొన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. ఆ కాలపు మోటారు సైకిళ్లలో చాలావాటికి, నేటి బండ్లవలె ఒకే ఆయిలు ఇంజనులో పదేపదే తిరిగే ఏర్పాటు లేదు. నడిపేవాడే ప్రయాణం మధ్యలో చేతిపంపు నొక్కి కొద్దికొద్దిగా నూనె పంపవలెను. ఆ నూనె తన పని ముగించి, కాలిపోయో కారిపోయో వ్యర్థమయ్యేది. తక్కువ పంపితే ఇంజను పట్టివేస్తుంది, ఎక్కువ పంపితే పొగ కమ్ముతుంది. అనగా యంత్రం దాహం ఎరుగనివాడు నాడు మోటారు సైకిలు ఎక్కనే లేడు. నేడు ఆ బాధ్యత ఇంజనులోనే దాగినది కనుక మనం దానిని మరచిపోగలుగుతున్నాము.

తరువాతి జీవితం సూటిగా సాగలేదు. ప్రత్తి వ్యాపారంలో దిగి, బొంబాయి వరకు వెళ్లి, సంపాదించినది పోగొట్టుకొన్నారు. తిరిగివచ్చి, 1920లో కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి స్టేన్సు సహాయంతో ఒక బస్సు కొని, పొల్లాచి–పళని మార్గంలో తామే స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగి, 1930 దశకంలో వందలాది బస్సుల సంస్థ అయింది. తన బండి లోపలి సంగతి తానే ఎరిగిన యజమాని కనుక, ఏ బస్సు ఎందుకు ఆగినదో ఎవరూ ఆయనను నమ్మించి మోసగించలేకపోయారు.

బస్సుల నుండి ఆయన దృష్టి కర్మాగారాలపైకి మళ్లింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి, దేశంలో మొదటిదిగా పేరొందిన విద్యుత్ మోటారును కోయంబత్తూరులో తయారు చేయించారు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకొనే యంత్రం, కిరోసిన్ తో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇట్లా ఆయన చేతినుండి వెలువడిన పరికరాలు అనేకం. 1952లో సుమారు రెండు వేల రూపాయలకే ఇవ్వగల ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రూపొందించారు. ప్రభుత్వ అనుమతి లభించనందున అది బజారుకు రాలేదు.

విద్యారంగంలో ఆయన చేసిన పని మనవంటివారు ప్రత్యేకంగా స్మరింపదగినది. 1945లో, నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం వెలయడానికి నాయుడుగారి దాతృత్వమే మూలం. బడిని పూర్తిచేయని ఆ మనిషే దానికి ప్రిన్సిపాలు అయ్యారు. కాని నాలుగేళ్ల ఇంజనీరింగు చదువును సగం కాలంలోనే నేర్పవచ్చునని, మిగిలినది వృథా అని ఆయన వాదించారు. ప్రభుత్వం సమ్మతించలేదు. ఆయన పదవిని వదలుకొన్నారు.

ఈ వివాదంలో ఆయన పక్షమే పూర్తిగా సరియైనదని చెప్పనక్కరలేదు. వంతెన కట్టేవానికి గణితం కావలెను, గణితానికి కాలం కావలెను. పైగా ఆయన పుస్తకాలను తృణీకరించినవారు కారు; జీవితాంతం చదివినవారు, దేశదేశాలు తిరిగి యంత్రశాలలు చూచి నేర్చినవారు. నాయుడు బడి మానినాడు కనుక మనమూ మానవచ్చునని ఎవరైనా అనుకొంటే, అది ఆయన కథను తలక్రిందులుగా చదవడమే. ఆయన మానినది బడిని మాత్రమే, చదువును కాదు. చేయి తాకని విద్య సగమే విద్య అన్నది ఆయన జీవితం తేల్చిన సారాంశం. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రహదారిపై ప్రారంభమయిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు.

ఈ కథకూ మన కృష్ణాతీరానికీ సంబంధం ఏమి? ఆసియాలోని పెద్ద మోటారు పనుల కేంద్రాలలో ఒకటిగా పేరొందిన ఆటోనగర్ మన విజయవాడలోనే ఉన్నది. అక్కడ పానా పట్టిన పిల్లవాడు ఉస్తాదు పక్కన నిలబడి, చూపుతోనూ చేతితోనూ నేర్చుకొంటాడు. వానికి పట్టా లేదు. పట్టా ఉన్న మనకు పానా పట్టడం రాదు. ఈ రెండు లోకాలూ ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో ఉండి కూడా కలియడం లేదు. అవి రెండూ కలిసిన మనిషి నాయుడుగారు.

మిత్రులారా, మనం ఇంజను మొత్తం విప్పనక్కరలేదు. మొదటి పాఠంగా ఇంటివద్ద ఆయిలు మార్చడం చాలును. బండిని కొద్ది నిమిషాలు నడిపితే ఆయిలు పలుచబడుతుంది. మరీ కాగిపోనీయరాదు, చేయి కాలుతుంది. నడిమి స్టాండుపై నిలిపి, క్రింద పాత బేసిను ఉంచి, ఇంజను అడుగునున్న డ్రెయిన్ నట్టు విప్పవలెను. నల్లగా జారే ఆ ద్రవంలో మన ప్రయాణమంతా ఉన్నది: కాలిన ఇంధనపు మసి, ఒరిసిన లోహపు రజను, చేరిన తేమ. అందులో మెరిసే పెద్ద రజను కనిపిస్తే అది ఇంజను పంపిన హెచ్చరిక. కొత్త వాషరు వేసి నట్టు బిగించాలి. బలమంతా చూపితే మరచుట్టు చెడిపోతుంది. ఫిల్టరు ఉన్న బండికి దానిని మార్చి, కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం ఆయిలును చెప్పిన కొలత ప్రకారమే పోయాలి. కాసేపు నడిపి, ఆపి, మట్టం చూడాలి. మొదటిసారి ఇది గంట పని, కాని ఆ గంటలో తొలగిపోయే భయం వెల కట్టరానిది.

ఒక్క జాగ్రత్త మరువరాదు. తీసిన పాత ఆయిలును బందరు కాలువలోనో, రైవస్ కాలువలోనో, ఏలూరు కాలువలోనో, వీధి మురుగులోనో పారబోయరాదు. ఆ కాలువల నీరే దిగువ గ్రామాల చెరువులు నింపి, పొలాలు తడిపి, దాహం తీరుస్తున్నది. డబ్బాలో భద్రపరచి, పాత ఆయిలు సేకరించే మెకానిక్కుకు అప్పగించడమే ధర్మం.

కళాశాల పాలక సంఘంవారికి ఒక విన్నపం. పాత మోటారు సైకిలు ఒకటి, కొన్ని పానాలు, ఒక చిన్న గది, నెలకొక ఆదివారం ఆటోనగర్ నుండి వచ్చి చూపే ఒక ఉస్తాదు, ఇంతకు మించిన వ్యయం దీనికి లేదు. ఆ గదిలో ఆర్ట్సు విద్యార్థికి, సైన్సు విద్యార్థికి, ఆడపిల్లలకు, మగపిల్లలకు సమానంగా ప్రవేశం ఉండాలి. కలంగల్ గ్రామంలో ఒక పేద యువకునికి మూడేళ్ల కూలితో గాని దొరకని అవకాశం మన పిల్లలకు ఒక ఆదివారపు ఉదయాన దొరుకుతుంది. దానిలోనుండి మరొక నాయుడు వచ్చినా రాకున్నా, తన బండిని తాను ఎరిగిన విద్యార్థులు తప్పక వస్తారు.